బూబూ కింద కూర్చున్న కథ

మా అన్న కూతురికి మా బూబూ పేరే పెట్టారు. గొడవంతా అక్కడే మొదలైంది.

బూబూ అంటే మా నాయనమ్మ, తితిలియా. ఊళ్లో సగం మంది ఆమెను బూబూ అని పిలుస్తారు. మిగతా సగం మంది భయంతో అసలు పిలవరు. చిన్న తితిలియా కూర్చోవడం నేర్చుకున్న రోజుల్లోనే పెద్ద తితిలియా కూర్చోవడం మానేసింది. కుడి మోకాలు బిగుసుకుపోయింది. నేల మీదికి దిగితే మళ్లీ లేవలేదు. అందుకని వంటింటి గుమ్మం దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, అందులోంచే ఇల్లంతా నడిపేది. చేపలు శుభ్రం చేయడం, కర్రపెండలం చెక్కు తీయడం, మమ్మల్ని తిట్టడం అన్నీ ఆ కుర్చీలోంచే.

క్రిస్మస్ మర్నాడు మా ఇంట్లో పెద్దవాళ్లంతా చేరారు. ఈస్టర్ వెళ్లాక పాపను వాళ్లమ్మ ఆరియేతా పుట్టిన దీవికి తీసుకెళ్లాలని నిర్ణయించారు. పిల్ల మేనమామల ఊరికి మొదటిసారి వెళ్లడమంటే చిన్న సంగతి కాదు. చాపలు, చెట్టు బెరడుతో చేసిన మాసి బట్టలు, పెద్దలకు మర్యాదగా సమర్పించే తిమింగలం పన్ను పట్టుకుని చుట్టాలంతా పడవల్లో బయల్దేరాలి. అక్కడ హాల్లో అందరి ఎదుట ఒక పెద్దావిడ పాపను ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చోవాలి. ప్రసంగాలు ముగిశాక వాళ్ల ఆడవాళ్లు వచ్చి పాపను అందుకుంటారు.

"నేను కూర్చుంటా. పేరు నాది, ఒడి కూడా నాదే" అంది బూబూ.

అందరి కళ్లూ కుర్చీ మీదికి పోయాయి.

అలాంటప్పుడు నోరు తెరిచే ధైర్యం ఒక్క వాసెమద అవ్వకే ఉంది. ఆమె మా తాతయ్య అక్క, మా పక్కిల్లే. వదినామరదళ్లు ఒకరినొకరు ఎంత ఏడిపించుకున్నా కోపం తెచ్చుకోకూడదని మా దగ్గర నియమం. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. యాభై ఏళ్లుగా ఆ నియమాన్ని వాళ్లు ఆదివారం ఆరాధన కంటే శ్రద్ధగా పాటిస్తున్నారు.

"ఒడి సంగతి సరే వదినా. ఆ ఒడి నేల దాకా ఎలా దిగుతుంది? తాడు కట్టి దించమంటావా?" అంది వాసెమద అవ్వ.

"నా కాళ్లతో నేనే దిగుతా."

"ఎందుకే శ్రమ, కుర్చీని కూడా పడవెక్కిద్దాం. వాళ్ల రాతూ పాపం కింద చాప మీద కూర్చుంటాడు. నువ్వు పైనుంచి ఆయన బట్టతల చూస్తూ కూర్చుందువుగాని. ఆ తల మీద ఎన్ని మచ్చలున్నాయో వచ్చాక మాక్కూడా చెబుదువు."

ఊరి పెద్ద అయిన రాతూ కంటే ఎత్తులో కూర్చోవడం ఎక్కడైనా ఉందా? నవ్వకూడదని అందరూ నేలచూపులు చూశారు. మా అన్న సైరుసీ మెల్లగా అన్నాడు. "బూబూ, పాపను వాసెమద బూబూ పట్టుకుంటుందిలే. నువ్వు పక్కనే ఉందువుగాని."

"ఎక్కడరా పక్కన? కుర్చీ వాళ్లని గుమ్మం బయట కూర్చోబెడతారు. అక్కణ్ణుంచి నేను చూసేది జనం వీపులు."

"చూడ్డానికి వీపులు కూడా బాగానే ఉంటాయి వదినా" అంది వాసెమద అవ్వ.

బూబూ అప్పటికప్పుడే కూర్చుని చూపిస్తానంది. గుమ్మం పట్టుకుని సగం దాకా దిగింది. అక్కడ మోకాలు ఇక కదలనంది. పైకీ రాదు, కిందికీ పోదు. చివరికి నాన్న ఒకవైపు, అన్న ఒకవైపు పట్టుకుని ఆమెను తిరిగి కుర్చీలోకి చేర్చారు. వాసెమద అవ్వ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆ కళ్లే తుడుచుకుంటూ, "నాకైతే ఏ అభ్యంతరం లేదమ్మా, పిల్ల బొద్దుగా ముద్దొస్తోంది" అని ఒడి సర్దుకుంది.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే బూబూ నాతో అంది. "కెలెరా, నా పేరున్న పిల్లని ఆ రోజు ఇంకొకరి ఒళ్లో చూడలేనే. అలా అయితే నేను పడవెక్కను. ఇంటి దగ్గరే ఉంటా."

బూబూ బెదిరించడం నాకు అలవాటే. ఇది బెదిరింపులా లేదు.

---

నర్సు సిస్టర్ కిరణ్ లత పడవలో మా ఊరికి వచ్చి, ఊరి హాల్లో ఆడవాళ్లందరికీ యోగా నేర్పుతానని చాటింపు వేయించింది సరిగ్గా అప్పుడే. షుగరు, బీపీ, కీళ్లనొప్పులు అన్నిటికీ మంచిదట. నేను బూబూని బతిమాలి తీసుకెళ్లాను.

సిస్టర్ వెళ్లి హాలు పై వరసలో, సముద్రం వైపు నిలబడింది. అది పెద్దవాళ్లు కూర్చునే చోటు. మా ఆడవాళ్లంతా అలవాటు ప్రకారం కింది వరసలో, తలుపు దగ్గర, ఒకరి మీద ఒకరు పడేంత ఇరుగ్గా సర్దుకున్నారు. మధ్యలో ఫుట్‌బాల్ ఆడుకునేంత ఖాళీ.

"ముందుకు రండమ్మా, ముందుకు" అంది సిస్టర్.

ఎవరొస్తారు? ముందుకెళ్లి కూర్చుంటే రేపట్నుంచి ఊళ్లో ఏమంటారు? "మీరు వెళ్లండి", "అయ్యో మీరు పెద్దవారు, మీరే వెళ్లండి" అనుకుంటూ అందరూ ఇంకో జానెడు వెనక్కి జరిగారు. ఇక లాభం లేదని సిస్టరే వాళ్ల దగ్గరికి నడిచి వచ్చింది. ఆమె దగ్గరికి వచ్చిన కొద్దీ అందరూ మర్యాదగా వెనక్కి జరుగుతూ పోయారు. చివరి వరస మెట్ల మీదికి చేరింది. ఒకావిడ పువ్వుల మొక్కల్లో కూర్చుంది.

తరవాత వెల్లకిలా పడుకోమంది. కాళ్లు ఎటు చాపాలి? పై వరస వైపు చాపకూడదు. చర్చి వైపు చాపకూడదు. మనిషి వైపు అసలే చాపకూడదు. ఎవరికి తోచిన దిక్కుకి వాళ్లు కాళ్లు పెట్టుకున్నారు. పైనుంచి చూస్తే వల దులిపాక ఒడ్డున పడ్డ చేపల్లా ఉన్నారు. లేచి నిలబడమన్నప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కూర్చున్న వాళ్ల మధ్య లేచేటప్పుడు వంగి 'తులో' అని మన్నింపు అడగాలి కదా. అందరూ ఒకేసారి లేచారు కాబట్టి అందరూ అందరికీ తులో చెప్పారు. అందరూ అందరి తులోకీ బదులు చెప్పారు. అది పూర్తయ్యేసరికి సిస్టర్ గడియారం చూసుకుంది.

చివర్న చేతులు, పాదాలు నేలకి ఆన్చి నడుము పైకెత్తే ఆసనం. బూబూ తలుపు దగ్గర వేసిన ఒక కుర్చీ పట్టుకుని సగం వంగింది. వంగాక వెనక్కి తిరిగి చూసింది. వెనకాల కిటికీ. కిటికీలో మా రాతూ ఇల్లు. ఇంటి అరుగు మీద మా రాతూ.

ఆమె చేతికర్ర తీసుకుని నేరుగా ఇంటికి వచ్చేసింది.

"నేను పుట్టి డెబ్బై ఏళ్లయింది. మా అమ్మ నాకు నేర్పిన మర్యాద అంతా ఆ పిల్ల ఒక్క మధ్యాహ్నంలో తలకిందులు చేసింది. మళ్లీ ఆ హాల్లో అడుగు పెడితే అడుగు!" అని కుర్చీలో కూలబడింది.

---

సిస్టర్ సామాను సంచీ ఒడ్డు దాకా మోసే పని నాది. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం చేతకాదు. ఆ రోజు మాత్రం పడవ వచ్చేలోపు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేను అనిపించింది. ఇసుక వైపు చూస్తూ బూబూ సంగతంతా చెప్పాను.

"మోకాలు నేను చూశాను. ఎముక బాగానే ఉంది. వాడక వాడక బిగిసిపోయింది" అంది సిస్టర్. "తప్పు నాదేలే. మా తాతల తాతలు ఇండియా నుంచి వచ్చారు కాబట్టి యోగా నాకు పుట్టుకతోనే వచ్చిందని మీవాళ్లంతా అనుకుంటున్నారు. నేను రాజధాని సువాలో డబ్బు కట్టి నేర్చుకున్నాను. అక్కడ నేర్పినట్టే ఇక్కడా నేర్పబోయాను. సరే గానీ, మీ బూబూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుంది?"

చెప్పాను. నీళ్లు మరిగిస్తుంది, బట్టలు ఆరేస్తుంది, దుంపలు చెక్కుతుంది, కొబ్బరి నన్ను కోరమని, నాకు కోరడం రాదని తిడుతుంది.

"ఇంకేం, అందులోనే పెట్టేయి. యోగా అని పేరు చెప్పకు. చేసే పనినే నెమ్మదిగా, ఊపిరి చూసుకుంటూ చేయించు. పైకి వెళ్లేటప్పుడు పీల్చడం, కిందికి వచ్చేటప్పుడు వదలడం. ఎత్తు పీట నుంచి పొట్టి పీటకి, అక్కణ్ణుంచి మెత్తటి ఎత్తుకి, కొంచెం కొంచెంగా కిందికి దించు. కలుక్కుమంటే అక్కడితో ఆపు. లాగినట్టుంటే ఫరవాలేదు."

"నా మాట వినదు సిస్టర్."

"నీ మాట వినక్కర్లేదు కదా. పని మాట వింటుంది."

---

మొదట బట్టల తీగ. నేను రోజూ దాన్ని కొంచెం పైకి కట్టడం మొదలుపెట్టాను. బూబూ మునివేళ్ల మీద లేచి అందుకోవాల్సి వచ్చేది.

"ఈ తీగ పెరుగుతోందే! ఎరువేమన్నా వేస్తున్నావా?"

"గాలి పీల్చి లేస్తే అందుతుంది బూబూ."

"గాలి పీల్చడం కూడా బళ్లో నేర్పుతున్నారా? ఇన్నేళ్లూ నా గాలి ఎవరు పీల్చారనుకున్నావు, మీ తాతయ్యా?"

అంటూనే పీల్చింది. లేచింది. దుప్పటి అందింది.

తరవాత నిమ్మగడ్డి నీళ్లు మరిగే సమయం. అప్పుడు ఆమెకు చేసే పని ఏదీ ఉండదు, నాకు వంకలు పెట్టడం తప్ప. కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుని, నీళ్లు మరిగేదాకా కళ్లు మూసుకుని ఊపిరి చూసుకోమన్నాను. కళ్లు మూసుకుంటే నేను పంచదార డబ్బాలో చెయ్యి పెడతానని ఆమె అనుమానం. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి మొదలుపెట్టింది. కొన్నాళ్లకి రెండో కన్ను కూడా మూసింది. నిజం చెప్పాలంటే పంచదార విషయంలో ఆమె అనుమానం సరైనదే.

కొబ్బరి కోరే పీట దగ్గర మాత్రం నేను ఎత్తు వెయ్యాల్సిన అవసరం రాలేదు. నా కోరుడు చూడలేక ఒకరోజు తనే, "లే అవతలికి, చిప్పంతా కోరి పాలు నల్లగా చేస్తున్నావు" అని పొట్టి పీట మీద కూర్చుండిపోయింది. కూర్చున్నాక తెలిసింది, కూర్చున్నానని. నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని మూడు తిట్లు తిట్టింది కానీ లేచింది.

పీట నుంచి నేలకి మధ్య ఏదో ఒకటి కావాలి. వంటింటి వెనక రేకుల పాకలో పాత చాపలున్నాయి. వాటిని మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చాను. దాని మీద కూర్చుని, వారానికో చాప తీసేస్తూ పోతే చివరికి నేల వస్తుందని లెక్క. బూబూ ఆ దొంతర చూసి నోరు వెళ్లబెట్టింది.

"ఇన్ని చాపల మీద ఎవరు కూర్చుంటారో తెలుసా నీకు? రాతూ పెళ్లాం కూడా ఇన్నిటి మీద కూర్చోదు! ఎవరన్నా చూస్తే ఈ ముసల్దానికి పొగరెక్కిందంటారు."

"ఇక్కడికెవరొస్తారు బూబూ?"

ఎవరొస్తారని అడిగిన రోజే వాసెమద అవ్వ ఉప్పు కోసం వచ్చింది.

పాక గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. లోపల మా బూబూ చాపల దొంతర మీద, కాళ్లు ఒక పక్కకి సగం మడుచుకుని, వీపు నిటారుగా, కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తోంది. వాసెమద అవ్వ అలాగే వెనక్కి వెళ్లింది. ఉప్పు మర్చిపోయిందేమో అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతుల్లో ఒక పెద్ద కర్రపెండలం దుంప ఉంది. మోకాళ్ల మీద పాకుతూ లోపలికి వచ్చింది. దొంతర ముందు ఆగి, అరచేతులు గుల్లగా చేసి గంభీరంగా చప్పట్లు కొట్టింది.

"మహారాణీ! ఏడు దీవుల ఏలికా! కుర్చీ దిగి చాపలెక్కిన తల్లీ! మా పేద ఊరు పంపిన ఈ తిమింగలం పన్ను స్వీకరించండి. కాస్త మట్టి అంటుకుంది, మన్నించండి."

బూబూ కళ్లు తెరిచింది. ఇక అయిపోయింది, రేపట్నుంచి పాకలోకి రాదు అనుకున్నాను. బూబూ దుంపను రెండు చేతులా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మీ పన్ను పుచ్చిపోయింది" అంది మా రాతూ గొంతుతో. "అయినా దయతో స్వీకరించాం. మీ ఊరికి వానలు కురుస్తాయి. నీకు మాత్రం బుద్ధి రాదు. ఇక వెనక్కి పాకుతూ పో."

"వెనక్కి పాకడం ఈ వయసులో కష్టం మహారాణీ. మోకాళ్లు..."

"ఓహో! నీకూ ఉన్నాయా మోకాళ్లు?"

వాసెమద అవ్వ నాలిక్కరుచుకుంది. తరవాత గట్టిగా నవ్వేసి అక్కడే కింద చతికిలబడింది. "నిజం చెప్పవే. దొంగతనంగా ఇక్కడ కూర్చోవడం నేర్చుకుంటున్నావా?"

"నేర్చుకుంటే?"

"నేర్చుకుంటే నా ఒడి ఖాళీ. అది నాకు నష్టం కదా. ఎంత దాకా వచ్చావో రోజూ వచ్చి చూసుకోవాలి."

అన్నట్టే రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఎండబెట్టి చుట్టిన మొగలి ఆకులు తెచ్చుకుని ఎదురుగా కూర్చుని చాప అల్లేది. "ఇవాళ ఎన్ని చాపల ఎత్తున ఉన్నారు మహారాణి? దిగిపోతున్నారే, రాజ్యం పోయిందా?" అనేది. ఆమె ఎదుట లేచి వెళ్లిపోవడం బూబూకి ఎలా కుదురుతుంది? కాలు లాగుతున్నా, ఊపిరి వదులుతూ అలాగే కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఇద్దరికీ చేతకాదు కాబట్టి బూబూ కూడా ఇన్నాళ్లకి మళ్లీ ఆకులు చేతబట్టింది. పాపతో పాటు ఇవ్వాల్సిన చాపకి ఒక అంచు వాసెమద అవ్వ, ఇంకో అంచు బూబూ మొదలుపెట్టారు. మధ్యలో కలిసేసరికి ఎవరి అల్లిక వంకరగా ఉందనే తగువు ఒకటి అదనంగా తయారైంది.

నేను ఇంత దొంతర పేర్చి అంత జాగ్రత్తగా దించుతున్నానని అనుకుంటూ ఉన్నాను. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి చాపలన్నీ చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. ఇద్దరూ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని, ఏ దూరపు చుట్టం ఏ తప్పు చేసిందో మాట్లాడుకుంటున్నారు. బూబూకి తాను నేల మీద ఉన్న సంగతి గుర్తున్నట్టే లేదు. గుర్తు చేస్తే పాడైపోతుందని నేను చప్పుడు చేయకుండా వెళ్లిపోయాను.

---

ఈస్టర్ వెళ్లింది. సముద్రం ఆ రోజు కొంచెం కోపంగా ఉంది. పడవ ప్రయాణమంతా బూబూ బల్ల అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చోవడంతో, దీవిలో దిగేసరికి మోకాలు మళ్లీ కర్రలా అయింది. ఇసుకలో నడుస్తూ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

హాల్లో వాళ్ల రాతూ పై వరసలో కూర్చున్నాడు. ఆయన చుట్టూ వాళ్ల పెద్దలు, పక్కగా వాళ్ల ఆడవాళ్లు. మేం కింది వరసలో. మా అందరికీ ముందు, కొత్త చాప మీద బూబూ. నా భుజం పట్టుకుని, ఊపిరి వదులుతూ, మెల్లగా దిగింది. కాళ్లు కుడివైపుకి మడిచింది. ఆరియేతా పాపను మాసి బట్టలో చుట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ క్షణంలో బూబూ ముఖం చూసి మా అన్న ఎందుకో దగ్గాడు.

బూబూ పక్కనే నేను, పాప పాలసీసా పట్టుకుని. మా వెనకే వాసెమద అవ్వ. అవసరమైతే పాపను అందుకోవడానికని అన్న ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు.

మా తరఫు పెద్దమనిషి తిమింగలం పన్ను పట్టుకుని మాట్లాడాడు. బాగానే తొందరగా ముగించాడు. తరవాత వాళ్ల తరఫు ఆయన అందుకున్నాడు. ఆయన మాటకారి. ముందు దేవుణ్ణి తలుచుకున్నాడు, తరవాత మా ఊరిని, వాళ్ల ఊరిని, రెండు ఊళ్ల మధ్య సముద్రాన్ని, ఆ సముద్రంలో పూర్వం మునిగిన పడవని. పడవ మునగడానికే చాలాసేపు పట్టింది.

బూబూ నుదుటి మీద చెమట కనిపించింది. కుడి పాదం వేళ్లు ముడుచుకుంటున్నాయి. కాళ్లు అటునుంచి ఇటు మార్చుకుంటే పోయే బాధే. కానీ ఒళ్లో బొద్దు పిల్ల, ఎదురుగా ఊరంతటి కళ్లు. అంతమంది ముందు కదిలి ఒరిగిపోతే? కాలు ముందుకి జారి రాతూ వైపు చాపినట్టయితే?

వెనకనుంచి గుసగుస. "ఇటివ్వవే వదినా. చాల్లే. చూశారుగా అందరూ."

బూబూ పాపను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. ఇవ్వలేదు. కళ్లు మూసుకుంది. తల కొద్దిగా వంచి, పొయ్యి దగ్గర నిలబడినట్టే, పొడుగ్గా ఊపిరి తీసుకుంది. వదిలింది. మళ్లీ తీసుకుంది.

వాళ్ల మాటకారి చూపు ఆమె మీద పడింది. పడవ మునిగిన చోటే ఆయన మాట ఆగింది. ముసలావిడ ప్రార్థన చేస్తోందనుకున్నాడు. వెంటనే చేతులు కట్టుకుని తల వంచాడు. ఆయన్ని చూసి వాళ్ల రాతూ తల వంచాడు. రాతూ వంచాక ఇంకెవరు ఆగుతారు? గాలికి గడ్డి వంగినట్టు, పై వరస నుంచి కింది వరస దాకా హాలంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. మా వాళ్లు కూడా. పాస్టరు గారు కూడా.

నా కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నాకు తెలుసు కదా అది ప్రార్థన కాదని.

బయట అలలు. బూబూ కళ్లు తెరిచింది. ఎదురుగా వరసలు వరసలుగా మాడులు చూసి తెల్లబోయింది. ప్రశ్నలా నా వైపు చూసింది. నేను ఆమె కాళ్ల వైపు చూశాను.

అర్థమైంది. ఎడమ చెయ్యి నేలకి ఆన్చి, ఊపిరి పీల్చి, నడుము కొద్దిగా లేపింది. కాళ్లు ఇటు తిప్పబోయింది. పాదం మాసి బట్టలో చిక్కుకుంది. నేను వంగి బట్ట లాగాను. పాప ఆమె చెవి పట్టుకుని వేలాడింది. కొత్త చాప కిర్రుమంది. ఎవరూ తలెత్తలేదు. ఆమె కుడి మోకాలు మెల్లగా, మెల్లగా ఎడమవైపుకి వచ్చి వాలింది. బూబూ ఊపిరి వదిలింది.

ఇక సమస్య ఒకటే. మొదలు కాని ప్రార్థనని ఎవరు ముగిస్తారు? చెయ్యని ప్రార్థనకి ఆమెన్ చెప్పడం బూబూ నోటికి రాదు, అబద్ధమాడినట్టవుతుందని ఆమె భయం. మిగతా వాళ్లంతా ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. చూస్తూ చూస్తూ మధ్యాహ్నమయ్యేలా ఉంది.

బళ్లో హాజరు పలకడానికే నా గొంతు లేవదు. కానీ అక్కడ కళ్లు తెరిచి ఉన్నది మేమిద్దరమే. ఆమె నేనున్నానని నమ్మి కూర్చుంది.

"ఆమెన్" అన్నాను.

"ఆమెన్!" అంది హాలు.

తలలు లేచాయి. వాళ్ల మాటకారి కళ్లు తుడుచుకున్నాడు. ఇంత భక్తి గల కుటుంబంతో వియ్యమందడం తమ అదృష్టమన్నాడు. ఆ అదృష్టానికి తగినట్టుగా, తన ప్రసంగాన్ని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.

బూబూ కూర్చుంది. దేవుడు, రెండు ఊళ్లు, సముద్రం, పడవ, ఆ పడవ మళ్లీ మునగడం అన్నీ అయ్యేదాకా, నిటారుగా, పాప తలమీద గడ్డం ఆన్చి కూర్చుంది. చివరికి ఆరియేతా వాళ్ల నాయనమ్మ లొసానా, తెల్లజుట్టు ముసలావిడ, చాప మీద జరుగుతూ మా ముందుకి వచ్చి రెండు చేతులు చాపింది. బూబూ పాప నుదురు ముద్దుపెట్టుకుని, "ఇదిగో తితిలియా. మీ రక్తమే, మీ ఇంటికే వచ్చింది" అని అందించింది. ఆ హాల్లో తన పేరునే అలా అప్పగించగలిగింది ఆమె ఒక్కతే. వాళ్ల ఆడవాళ్లు కేకలు వేసి, పాప మీదా మా మీదా సంబరంగా పౌడర్ చల్లి, పాటలు అందుకున్నారు.

వెనకనుంచి వాసెమద అవ్వ ముందుకి వంగి బూబూ చెవిలో అడిగింది. "అంతసేపు దేవుడితో ఏం మాట్లాడావే?"

"నీ గురించే. నోరు కాస్త తగ్గించమన్నా."

"నా ఒక కన్ను తెరిచే ఉందిలే. కాళ్లు మార్చావు."

"ప్రార్థనలో కన్ను తెరిచావా! ఎంత పాపం!"

వాసెమద అవ్వకి మాట దొరకలేదు. యాభై ఏళ్లలో అలా జరగడం నేను విన్నంతలో అదే మొదటిసారి.

భోజనానికి అరిటాకులు పరిచారు. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, చేపలు, దుంపలు వరసగా వచ్చాయి. పాపను ఒళ్లో పెట్టుకుని లొసానా అవ్వ బూబూ పక్కకి జరిగింది. చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుంది. నన్ను లెక్కచెయ్యలేదు, నన్ను ఎవరూ లెక్కచెయ్యరు.

"వియ్యపురాలా, ఇందాకటి ప్రార్థన ఎంత మేలు చేసిందో చెప్పలేను. నా ఎడమ కాలు అప్పటికి చచ్చిపోయింది. మీ పుణ్యమా అని ఇటు మార్చుకున్నాను. నా వెనక మా చెల్లెలు, దాని వెనక మా తోడికోడలు అందరూ మార్చుకున్నారు. మా ప్రసంగాల ఆయన మా తమ్ముడే, ఏం చెయ్యను, ముప్పై ఏళ్లుగా ఆ పడవని ముంచుతూనే ఉన్నాడు."

బూబూ పెదాలు బిగబట్టింది. నవ్వు ఆపుకోవడానికి ఊపిరి చూసుకుంటోందని నాకు తెలుస్తోంది.

"ఇప్పుడు ఇంకో కాలు తిమ్మిరెక్కుతోంది" అంది లొసానా అవ్వ. "భోజనానికి ముందు ప్రార్థన మిమ్మల్నే చెయ్యమంటాను. కాదనకండి. కాస్త పొడుగ్గా చెయ్యండి."

ఆమె లేచి నిలబడకుండానే గొంతెత్తి అందరికీ చెప్పింది. హాలంతా సద్దుమణిగింది. రాతూ తల వంచాడు. బూబూ ఈసారి నిజంగానే ప్రార్థించింది. తిండికీ, పిల్లకీ, పడవలు మునగకుండా చేరినందుకూ దేవుడికి వందనాలు చెప్పి, మధ్యలో ఒకచోట ఆగి పొడుగ్గా ఊపిరి తీసుకుంది. నేను కూడా ఈసారి కళ్లు మూసుకునే ఉన్నాను. పై వరస నుంచి తలుపు దాకా, ఒకదాని తరవాత ఒకటిగా, చాపలు కిర్రుమంటూ కదలడం వినిపించింది.